చాలు అనవలసింది ఎవరు?

మన భాషలో అన్నిటికన్నా తక్కువ గౌరవం దక్కే మాట ఏదని అడిగితే, నేను ‘చాలు’ అంటాను. భోజనానికి కూర్చున్న చుట్టం విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి చాలు, చాలు అని మొత్తుకుంటున్నా ఇంకో గరిటెడు వడ్డించందే మనం ఊరుకోం. ఊరుకుంటే ఆ ఇంట్లో పెట్టు తెలియదంటారు. చీరల కొట్లో ఎనిమిదో చీర విప్పుతున్న కుర్రాడితో “చాలు బాబూ” అంటాం. అతను తొమ్మిదోది విప్పుతాడు, మనం చూస్తాం. డబ్బు సంగతి సరేసరి. ఆ విషయంలో చాలన్న మనిషిని వెతకాలంటే పురాణాల్లోకి వెళ్ళాలి.

మనుషుల మాట అలా ఉంచండి. ఆ మాట బొత్తిగా తెలియని ప్రాణులు కొన్ని మన వంటింట్లోనే కాపురం ఉంటున్నాయి. రాత్రి పడుకోబోయే ముందు గోరువెచ్చని పాలలో చెంచాడు మజ్జిగ వేసి మూత పెడతామే, ఆ చెంచాలో ఉండే సూక్ష్మజీవులవి. పాలలో పడిన కాసేపు అవి ఏమీ చెయ్యవు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలిలా ఏ డబ్బాలో ఏముందో చూసుకుంటాయి. తరవాత అందుకుంటాయి. ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. తెల్లారేసరికి పెరుగు గడ్డలా తోడుకుని ఉంటుంది. అప్పటికీ పాలలోని తీపి అంతా అయిపోదు. తిండి ఇంకా మిగిలే ఉంటుంది. అయినా వాటి పెరుగుదల ఆగిపోతుంది. ఎందుకంటే అవి తిన్నకొద్దీ వదిలిన పులుపు వాటికే గిట్టదు. అంటే ఆకలితో కాదు, తాము చేసిన పులుపుతోనే ఆగుతాయన్నమాట. ఆ గిన్నెని ఎండాకాలంలో రెండు రోజులు బయట వదిలేస్తే ఆగడంతో కూడా సరిపోదు, చావడం మొదలవుతుంది.

నేను బి.ఏ. చదివినదాన్ని. లెక్కల పీరియడ్‌కీ నాకూ హైస్కూల్లోనే చెల్లు. కాని మా అమ్మాయి ఎమ్మెస్సీలో మైక్రోబయాలజీ చదువుతూ, సెలవులకి వచ్చినప్పుడు పాలు తోడుపెడుతున్న నా పక్కన నిలబడి, “అమ్మా, నువ్వు రోజూ చేసే పని మా పుస్తకంలో ఒక గీత” అంది. కాగితం మీద గీసి చూపించింది కూడా. ముందు కాస్త దూరం నేల మీద పాకింది గీత. తరవాత నిటారుగా పైకి లేచింది. ఆపైన బల్లపరుపుగా సాగింది. చివర్న కిందికి జారింది. “ఇంతేనా?” అన్నాను. “ఇంతే. ప్రపంచంలో చాలా వాటి కథ ఇంతే” అంది. ఇరవై రెండేళ్ళ పిల్ల అంత పెద్ద మాట అనేసరికి, ఆ గీత సంగతేమిటో చూద్దామనిపించింది.

ముందు ఆ నిటారు భాగం చూడండి. పేగుల్లో ఉండే ఇ. కోలై అనే సూక్ష్మజీవి తిండీ వెచ్చదనమూ అన్నీ అమరితే ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. రాత్రి ఎనిమిదింటికి ఒక్కటే ఉందనుకోండి. పొద్దున్న ఆరింటికి 30 సార్లు రెట్టింపై 107 కోట్లు అవుతాయి. అన్నీ కలిపి తూచినా ఆవగింజ బరువుండవు. అలాగే ఏ అడ్డూ లేకుండా సాగితే ఆ రాత్రి ఎనిమిదింటికి వాటి బరువు నాలుగు వేల టన్నులు దాటాలి. ఒక గూడ్సుబండి నిండా సరుకన్నమాట! పొద్దున ఆరింటికి ఆవగింజంత లేనిది రాత్రికి గూడ్సుబండి. చిట్టీలూ వడ్డీలూ తెలిసిన మనకి చక్రవడ్డీ మహిమ వేరే చెప్పాలా?

కాని ఆ గూడ్సుబండి ఏనాడూ రాలేదు, రాదు. ఎందుకు రాదన్నది లెక్కలో పెట్టినవాడు వెర్హల్స్ట్ అనే బెల్జియం దేశస్థుడు. జనాభా చక్రవడ్డీలా పెరుగుతుందనీ, తిండి అంత వేగంగా పెరగదనీ 1798లో మాల్థస్ అన్నాడు. నలభై ఏళ్ళ తరవాత, 1838లో, వెర్హల్స్ట్ ఆ మాటకి చిన్న సవరణ చేశాడు. పెరిగే వేగం ఉన్నవాటి సంఖ్యని బట్టే కాదు, ఇంకా మిగిలి ఉన్న చోటుని బట్టి కూడా ఉంటుందన్నాడు. గుణకారం వస్తే చాలు, ఇది మనకీ అర్థమవుతుంది. ఒక పాత్రలో నూటికి చోటుందనుకోండి. పది ఉన్నప్పుడు ఖాళీ తొంభై. పదిని తొంభైతో హెచ్చిస్తే 900. యాభై ఉన్నప్పుడు ఖాళీ యాభై. హెచ్చిస్తే 2,500. తొంభై ఉన్నప్పుడు ఖాళీ పది, మళ్ళీ 900. నూరు నిండిన రోజున సున్నా. ఆ అంకెలే జోరుకి గుర్తులు. అంటే సరిగ్గా సగం నిండిన రోజున జోరు అన్నిటికన్నా ఎక్కువ. ఆ తరవాత సంఖ్య పెరుగుతూనే ఉంటుంది కాని జోరు తగ్గుతూ వస్తుంది.

ఈ సంగతి నన్ను రెండు రోజులు వదల్లేదు. అన్నిటికన్నా లాభంగా, ఆనందంగా కనిపించే రోజే సగం అయిపోయిన రోజు. ఆ రోజున ఎవరైనా “ఇక చాలు” అంటే అతన్ని పిచ్చివాడంటాం, అవునా?

వెర్హల్స్ట్ నలభై నాలుగో ఏట 1849లో పోయాడు. ఆయన లెక్కని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1911లో మన దేశంలో సైనిక వైద్యశాఖలో పనిచేస్తున్న మెక్‌కెండ్రిక్ అనే దొర, మన దేశంవాడే అయిన కేశవ పాయ్‌తో కలిసి, సూక్ష్మజీవులు ఎంత వేగంతో వృద్ధి చెందుతాయని లెక్క కట్టి ఒక వ్యాసం ప్రకటించారు. మాంసరసంలో సూక్ష్మజీవుల్ని పెంచి, లెక్కపెట్టి చూస్తే అదే గీత వచ్చింది. పాకడం, లేవడం, ఒరగడం. పెద్ద పెద్ద పేర్ల మధ్య ఒక పాయ్ గారి పేరు కనిపించేసరికి నాకు ఎందుకో మనవాళ్ళ పెళ్ళిలో చుట్టం తగిలినంత సంతోషమైంది.

ఎక్కడానికి లెక్క ఉన్నట్టే దిగడానికీ ఉంది. ఆ లెక్క ఒక ఆడమనిషి తేల్చింది. హారియెట్ చిక్ అని, లండన్‌లోని లిస్టర్ సంస్థలో పనిచేసేది. మందు తగిలినప్పుడు సూక్ష్మజీవులు ఏ పద్ధతిలో చస్తాయో 1908లో వివరించింది. సమానమైన కాలంలో సమానమైన వంతు పోతుందని ఆమె చెప్పింది. పది నిమిషాల్లో పదింట తొమ్మిది పోతాయనుకుంటే లక్షలో పదివేలు మిగులుతాయి. ఇంకో పది నిమిషాలకి వెయ్యి, మరో పది నిమిషాలకి నూరు. అందుకే జ్వరం తగ్గింది కదా అని మందు సగంలో ఆపొద్దని డాక్టర్లు మనల్ని కోప్పడేది. అన్నట్టు ఆవిడ 1875లో పుట్టి 1977 దాకా, నూట రెండేళ్ళు బతికింది!

ఇందులో నేను గమనించినదేమిటంటే, ఈ రెండు లెక్కల్లోనూ సూక్ష్మజీవులన్నీ ఒక్కటే. ఇది పెద్దది, ఇది చిన్నది. ఇది ముందు తిన్నది, ఇది ఇంకా తినలేదు అన్న తేడా లేదు. పదింట తొమ్మిది పోవాలంటే ప్రతిదానికీ ఒకే ప్రమాదం. పెరుగు గిన్నెలో ఇది న్యాయంగానే ఉంది. మనుషులుండే పాత్రలో కూడా ఇలాగే జరుగుతుందా అన్నది నా ప్రశ్న.

అలాంటి పెద్ద పాత్ర చూడటానికి మా ఏలూరువాళ్ళు దూరం వెళ్ళనక్కర్లేదు. కైకలూరు మీదుగా కొల్లేటికోట వెళితే చాలు. ఫాల్గుణమాసంలో పెద్దింట్లమ్మవారి జాతరకి మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. కృష్ణకీ గోదావరికీ మధ్య పల్లంలో దేవుడు పెట్టిన పళ్ళెం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీళ్ళు పట్టి ఉంచుకుని, ఉప్పుటేరు గుండా మెల్లిగా సముద్రానికి పంపుతుంది. ఒకప్పుడు కిక్కిస పొదలు, నీటిపక్షులు, మావులేసి చేపలు పట్టుకునేవాళ్ళు, నీళ్ళు తగ్గినప్పుడు వరి. 1970ల నుంచి సరస్సులో గట్లు కట్టి చేపల చెరువులు తవ్వడం మొదలైంది. మొదట లంకల్లోని పేదవాళ్ళకి సహకార సంఘాలు పెట్టి ఇచ్చారు. తరవాత డబ్బున్నవాళ్ళు దిగారు. గీత నిటారుగా లేచింది. 2004 నాటికి ఉపగ్రహం తీసిన బొమ్మల్లో దాదాపు 100 చదరపు కిలోమీటర్ల మేర చేపల చెరువులే కనిపించాయి.

ఆ చెరువుల్లో ఒక్కొక్కటీ మళ్ళీ ఒక పెరుగు గిన్నె. చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి గుంజలకి కడతారు. శీలావతి, బొచ్చె చేపలు వచ్చి ఆ సంచులు పొడుచుకు తింటాయి. పేడ, కోళ్ళ పెంట ఎరువుగా వేస్తారు. నీళ్ళలో కంటికి కనిపించని నాచు పెరిగి చెరువు పచ్చబడుతుంది. పచ్చగా ఉంటే రైతుకి సంతోషం, చేపకి మేత. పగలు ఎండలో ఆ నాచు ప్రాణవాయువు ఇస్తుంది. రాత్రి మాత్రం తనూ తీసుకుంటుంది. పచ్చదనం మరీ చిక్కబడ్డాక నాలుగు రోజులు మబ్బు పట్టిందా, నాచు ఒక్కసారిగా చస్తుంది. దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకి అది పెళ్ళి భోజనం. అవి రెట్టింపు మీద రెట్టింపు పెరిగి, నీళ్ళలో ఉన్న ప్రాణవాయువంతా వాడేస్తాయి. ఒకరి గీత దిగుతుంటే దాని మీదుగా ఇంకొకరి గీత ఎక్కుతుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. ఆ వేళకి గట్టు మీద మనిషి మేలుకుని ఉండాలి. నీళ్ళు చిమ్మే యంత్రాలు తిప్పాలి. లేకపోతే ఏడాది పెట్టుబడి పొద్దెక్కేసరికి తెల్లగా తేలుతుంది.

కొల్లేటికోట దగ్గర ఒక చెరువు గట్టు మీద కాపలా గుడిసె ముందు కూర్చున్న ఒకావిడతో మాట్లాడాను. అరవై దాటి ఉంటాయి.

“రాత్రంతా మేలుకుంటారా పిన్నీ?” అన్నాను.

“మబ్బేసినప్పుడు తప్పదమ్మా. చేప నోరు తెరిచిందంటే మా నోట్లో మట్టే.”

“చెరువు మీదేనా?”

ఆవిడ నవ్వింది. “నేల మాది, చెరువు లీజుకి తీసుకున్నోరిది, కాపలా మాది. మా అయ్య మావులేసేవోడు. ఆయనకి లీజూ తెలీదు, కాపలా తెలీదు.”

“ఇన్ని చెరువులైపోతే కొల్లేరు చచ్చిపోతుందంటున్నారు కదా. ఇక చాలనాలంటున్నారు.”

ఆవిడ చాలాసేపు నీళ్ళకేసి చూసింది. “అంటామమ్మా. ఎందుకనం? గట్టు తెంచినప్పుడు లీజు తీసుకున్నాయన ఇంకో ఊళ్ళో ఇంకో చెరువు చూసుకున్నాడు. మేం ఎక్కడికెళ్తాం? కడుపు నిండినోళ్ళని ముందు అనమనండి. వాళ్ళ వెనకాల మేమూ అంటాం.”

ఆవిడ చెప్పిన గట్లు తెంచడం 2006 నాటి మాట. దాని వెనక కథ ఉంది. 1999లో ప్రభుత్వం కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించింది. సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తున గీత గీసి, దాని లోపలి 308 చదరపు కిలోమీటర్లూ పక్షులకీ నీళ్ళకీ అంది. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయంగా గుర్తింపు వచ్చింది. 2006లో ఆ గీత లోపలి చెరువుల గట్లు పెద్దఎత్తున తెంచారు. తరవాత చెరువులు మళ్ళీ మొలిచాయి. ఆ గీతని 5 అడుగుల నుంచి 3 అడుగులకి దించమని 2008లో శాసనసభ తీర్మానం చేసింది. పెరుగు గిన్నెకీ మన ఊళ్ళకీ ఇదే తేడా. గిన్నె అంచుని కాస్త వెనక్కి జరపమని ఏ సూక్ష్మజీవీ తీర్మానం చెయ్యదు!

నేను నవ్వులాటకి అంటున్నానే గాని, గీత ఉండాలనే నా అభిప్రాయం. కొల్లేరు ఉట్టి అందం కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్ళు మునిగినప్పుడు మనమంతా టీవీల్లో చూశాం. ఆ ఏటి నీళ్ళు చివరికి చేరవలసింది కొల్లేటికే. గట్లతో నిండిన పళ్ళెంలో నీళ్ళెక్కడ పడతాయి? ఆటపాకలో గూడు కట్టే గూడబాతులకి చోటు కావాలి, వరదకీ చోటు కావాలి. చోటుకి అంతుందన్న వెర్హల్స్ట్ మాట నమ్మకపోతే నీళ్ళే వచ్చి నమ్మిస్తాయి.

కాని గీత ఉండాలనడం వేరు, ఆ గీత దగ్గర ఎవరు ఆగాలనడం వేరు. గణితం మొదటిదానికి జవాబు చెబుతుంది. రెండోదాని జోలికి రాదు. దాని లెక్కలో అన్నీ ఒక్కటే కనక రాదు. పది ఎకరాలవాడూ, నూరు ఎకరాలు లీజుకి పట్టినవాడూ, గట్టు మీద కాపలా ఉన్న పిన్నీ అందరూ కలిసి ఒక అంకె. దిగుడు వచ్చినప్పుడు మాత్రం పదింట తొమ్మిది వంతులు అందరికీ సమానంగా పడవు. ఎప్పుడూ ఆ ఒక్కరి మీదే పడతాయి.

ఇంకో సంగతి. పాత్రలో చోటు ఎంత అన్నది పాత్రలో ఉన్నవాళ్ళ చేతిలోనే లేదు. పులుపు గిన్నెలోనే పుడుతుంది, నిజమే. కొల్లేటిలోకి వచ్చే పులుపు మాత్రం పైనుంచి కూడా వస్తుంది. మా ఏలూరు మధ్యనుంచే తమ్మిలేరు పోతుంది. బుడమేరు విజయవాడని ఒరుసుకుని వస్తుంది. పట్నాల మురుగు, పొలాల్లో ఎక్కువైన ఎరువు, పురుగుమందు అంతా ఆ పళ్ళెంలోకే. అక్కడి నీళ్ళలో నాచు బలిసి, గుర్రపుడెక్క అల్లుకోవడంలో మన సబ్బునీళ్ళకీ వాటా ఉంది. కొల్లేటికోట వాళ్ళని చాలనమని మనం ఊళ్ళో కూర్చుని చెప్పేటప్పుడు, వాళ్ళ పాత్రని ఇరుకు చేసినవాళ్ళలో మనమూ ఉన్నామన్నది మరిచిపోతే ఎలా?

ఈ న్యాయం ఆడవాళ్ళకి కొత్తదేమీ కాదు. మనిళ్ళల్లో ‘చాలు’ అనే మాట నిజంగా అనేది ఎవరో ఆలోచించండి. మావారు అనరు, పిల్లలు అనరు, వచ్చిన చుట్టం మర్యాదకి అంటాడు. అందరి భోజనాలూ అయ్యాక, కూర గిన్నె అడుగు చూసి, “నాకిది చాల్లే” అనేది మా అమ్మ. మీ అమ్మ కూడా అని ఉంటుంది. దానికి త్యాగమని పేరు పెట్టి, పండగనాడు నాలుగు మంచి మాటలు చెప్పి, మర్నాడు మళ్ళీ అలాగే గిన్నె ఖాళీ చేశాం. అడుగంటిన గిన్నె ముందు కూర్చున్న మనిషి అనే చాలు సంయమనమూ కాదు, వైరాగ్యమూ కాదు. అనక తప్పనిది. సూక్ష్మజీవి ఆగడమూ అలాంటిదే. చోటు లేక ఆగింది, అంతే. అందులో పుణ్యం లేదు.

మనిషి అనగలిగిన చాలు వేరే ఉంది. గిన్నె సగం నిండుగా ఉన్నప్పుడు, జోరు మంచి మీద ఉన్నప్పుడు, ముందు వడ్డించుకున్నవాడు గరిటె కింద పెట్టి అనేది. వాడు చెయ్యి వెనక్కి తీసుకుంటే వెనకవాళ్ళకి చోటు మిగులుతుంది. చోటు మిగిలినవాళ్ళకి రేపు చాలనమని చెబితే, చెప్పిన మాటకి విలువుంటుంది. కొల్లేటి గీత లోపల ముందు ఎవరి గట్టు తెగాలి, తెగినవాళ్ళలో ఎవరికి బతుకుదెరువు చూపించాక తెగాలి అన్నది ఈ వరస ప్రకారం తేల్చుకోవలసిన సంగతి. వరస తప్పితే గీత ఎంత మంచిదైనా నిలవదు. చెరువులు మళ్ళీ మొలుస్తాయి, మొలిచాయి కూడా.

మా అమ్మాయికి ఇదంతా చెబితే, “మా సమీకరణంలో ఈ వరసకి అక్షరం లేదమ్మా” అంది. లేదు కదా మరి! లేనిదాన్ని పూర్తి చెయ్యడానికే మనుషులున్నది. ప్రస్తుతానికి నేనొక చిన్న పని పెట్టుకున్నాను. మా వీధి మురుగుకాలవ ఏ కాలవలో కలిసి, ఏ ఏట్లో పడి, కొల్లేటి దాకా ఎలా పోతోందో తెలుసుకునే పని. మా మునిసిపాలిటీవాళ్ళని అడగడం మొదలుపెట్టాను. మీ ఊళ్ళో మీరూ ఓసారి అడిగి చూడండి. ఎవరి పళ్ళెంలో మనం పులుపు పోస్తున్నామో తెలిశాక, చాలన్న మాట ఎవరి నోట ముందు రావాలో వేరే చెప్పక్కర్లేదు.